పదో విస్తరి దగ్గర మచ్చ

బందరులో నా మాట నమ్మేవాళ్ళు రెండే రకాలు: మా పాలావిడ, చనిపోయినవాళ్ళు. పాలావిడకి చెవుడు. చనిపోయినవాళ్ళ సంగతంటారా, వాళ్ళకి నాతో అవసరం. ముప్ఫై ఏళ్ళపాటు ఒక ఫోటో స్టూడియోలో టచప్ పని చేశాను. మూసిన కళ్ళు తెరిపించడం, తెరిచిన నోళ్ళు మూయించడం, బట్టతలకి జుట్టు, బోసిమెడకి గొలుసు, ఇవీ నేను చేసిన దానధర్మాలు. మొదట్లో నెగటివు మీద సన్న పెన్సిలుతో చేసేదాన్ని, తర్వాత కంప్యూటరు మీద. దివిసీమలో వరదకి బస్సు ఆగిపోయి తన పెళ్ళికి తనే అందని ఒక పెళ్ళికొడుకుని ముహూర్తానికి పెళ్ళికూతురి పక్కన కూర్చోబెట్టింది నేనే. వాళ్ళకిప్పుడు ఇద్దరు పిల్లలు. ఆ పెళ్ళి ఎలా చెల్లిందని అడక్కండి. ఆల్బం ఉంది, చాలదా?

యాభై మూడేళ్ళకే రిటైరయ్యాను. ఎవరూ పొమ్మనలేదు. ఒకరోజు గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ చదివే అమ్మాయి పాస్‌పోర్టు ఫోటోకి వచ్చి, నా కళ్ళెదుటే తన ఫోన్లో తన మొటిమలు తనే చెరిపేసుకుని, "ఆంటీ, ప్రింటు మాత్రం తీసివ్వండి చాలు" అంది. ఆ సాయంత్రమే నా కుర్చీ వెనక్కి జరిపాను. ఆ అమ్మాయిలాంటి మీకోసమే ఇది రాస్తున్నాను. వేలితో రుద్దితే మనిషి మాయమైపోయే కాలంలో పుట్టారు మీరు. నేను ఒక్క మనిషిని మాయం చేసి ఎన్ని పాట్లు పడ్డానో వినండి. ఇందులో కోతలు లేవు. ఎక్కడైనా ఉంటే అక్కడికక్కడే నేనే చెప్పేస్తాను.

స్టూడియోలో మేం ముగ్గురం. ఓనరు గారి సిద్ధాంతం ఒక్కటే: "కస్టమరు తెచ్చేది ముఖం, తీసుకెళ్ళాల్సింది పరువు." ఫ్రేములు కట్టే ఆయన్ని నేను బావా అనేదాన్ని, ఆయన నన్ను మరదలా అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు. పక్కపక్క బల్లల మీద పాతికేళ్ళు పోట్లాడుకుంటే కుదిరే వరస అది. పెడన మనిషి. కుర్రతనంలో కలంకారీ అద్దకంలో పనిచేశాడు. చెక్క అచ్చుతో గుడ్డ మీద పువ్వు తర్వాత పువ్వు అద్దుకుంటూ పోతుంటే, వెయ్యి పువ్వుల్లో ఒక్కటి గోరంత పక్కకి జరిగినా పట్టేసేవాడట. అద్దకం మానేశాడు గానీ ఆ కళ్ళు మానలేదు. మా ఇంటికి వస్తే ముందు గచ్చు పలకలు చూసి, "ఇదిగో, ఇక్కడొకటి తిరగేసి వేశారు" అని చెప్పాకే కాఫీ తాగేవాడు.

ఒకరోజు ఆడపిల్లల హాస్టలు కమిటీ సెక్రటరీ గారు మా స్టూడియోకి వచ్చారు. రిటైరైన హిస్టరీ లెక్చరరు. ఆ హాస్టలు ఒకప్పటి అనాథాశ్రమం. విక్టోరియా రాణి ఏలుబడిలో, సముద్రం ఊరి మీదికి వచ్చి వెళ్ళాక, మిగిలిపోయిన పిల్లల కోసం ఒక దొరసాని మొదలుపెట్టిందని చెబుతారు. దానికి ఉత్సవం చేస్తున్నారు. సెక్రటరీ గారు దిండుగలీబులోంచి పసిపిల్లని తీసినట్టు ఒక పాత ఫోటో తీశారు. దళసరి అట్టకి అంటించి ఉంది.

"అమ్మా, ఇది మన చరిత్ర. దీన్ని ఆరడుగులు చేయాలి," అన్నారు.

చూశాను. వరండా. పది విస్తరాకుల ముందు బంతిగా కూర్చున్న ఆడపిల్లలు. వెనక ఇద్దరు పెద్ద పిల్లలు రోకళ్ళు ఎత్తి పట్టుకుని ఉన్నారు, ఎత్తినవి ఎత్తినట్టే. ఒక పిల్ల తిరగలి పిడి పట్టుకుంది, తిప్పడంలేదు. ఈ చివర కుర్చీలో దొరసాని. అట్ట వెనక ఇంగ్లీషులో, మా అనాథ బాలికల నిత్యజీవితం, భోజనవేళ అని అర్థం వచ్చేట్టు రాసి ఉంది. ఇంగ్లండులో చందాలిచ్చే పెద్దమనుషులకి పంపడానికి తీయించారట. నిత్యజీవితం చాలా బుద్ధిగా ఉంది. ఎదురుగా అన్నం పెట్టుకుని తొమ్మిది మంది పిల్లలు ముద్ద ముట్టకుండా కెమెరా వంక చూస్తున్నారు. మా ఇంట్లో ఇద్దరున్నారు, వాళ్ళని అలా ఒక్క నిమిషం కూర్చోబెట్టండి చూద్దాం.

పదో పిల్లకి తల లేదు. భుజాల దాకా ఏదో ఆకారం, ఆపైన పొగ. ఆ రోజుల్లో ఫోటో పడేదాకా కుదురుగా ఉండకుండా కదిలినవాళ్ళకి పట్టే గతి అది.

"ఈ మచ్చ తీసేయండి," అన్నారు సెక్రటరీ గారు.

నా ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో మచ్చ ఎందుకు పడిందని నేనెప్పుడూ అడగలేదు. అడిగే పని డాక్టర్లది.

రెండు రోజులకి, ఉత్సవానికి ఖర్చు భరిస్తున్న దాత గారు స్వయంగా వచ్చారు. నాగాయలంక దగ్గర రొయ్యల చెరువులున్నాయి ఆయనకి. కారు దిగగానే స్టూడియోలో నాలుగు సెంట్లు కలిసిన వాసన వచ్చింది, అయిదోది చెరువుది.

"మా ముత్తాత ఆ ఆశ్రమానికి పడవల మీద బియ్యం పంపేవాడమ్మా. ఆయన కూడా ఆ ఫోటోలో ఉంటే బాగుంటదని సెక్రటరీ గారన్నారు," అన్నారాయన.

"ముత్తాత గారి ఫోటో ఉందాండీ?"

"ఫోటో లేదు. అచ్చు గుద్దినట్టు నాలాగే ఉండేవాడంట."

"ఎవరు చెప్పారండీ?"

"మా నాన్న."

"నాన్నగారు ఆయన్ని చూశారాండీ?"

ఓనరు గారు బల్ల కింద నా కాలు తొక్కారు. అంటే కస్టమరుకి పరువు ఇచ్చే వేళైందని అర్థం.

స్కూలు పిల్లల ఫ్యాన్సీ డ్రెస్సు పెట్టెలోంచి తలపాగా, కండువా, అంటించుకునే మీసాలు తీశాం. దాత గారిని తన ముత్తాతగా నిలబెట్టి, చేతులు జోడింపజేసి, ఫోటో తీశాం. స్మార్ట్ వాచీ విప్పమంటే ఒప్పుకోలేదు, అడుగులు లెక్కపెడుతోందట. దాన్ని తర్వాత నేనే చెరిపాను. పాత ఫోటోలో పదోపిల్లనీ, ఆ పిల్ల ముందున్న విస్తరినీ తుడిచేసి, ఆ జాగాలో ఈయన్ని నిలబెట్టాను. ఇంకెక్కడా ఖాళీ లేదు మరి. నాలుగు రోజులు పట్టింది. గోధుమరంగు పట్టించాను, అంచుల్లో బూజు పెట్టాను, తలపాగా మీద ఒక చెదపురుగు తిన్న చార కూడా వేశాను. నిజం చెప్పొద్దూ, దొరసానికంటే ఆయనే పాతవాడిలా తేలాడు. ఆరడుగుల ప్రింటు తీశాం. ఆ ప్రింటుకి బావ ఫ్రేము కట్టాడు. పాత అట్టఫోటో నా సొరుగులోనే ఉంది, ఆయన దాని మొహమే చూడలేదు.

ఉత్సవం ఇంకా నాలుగు రోజులుందనగా, పొద్దున్నే షట్టరు తీసేసరికి మెట్ల మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఎనభైకి దగ్గరగా ఉంటుంది. చేతి నిండా పాత కాలిన మచ్చలు.

"ఏమ్మాయ్, మా హాస్టలు ఫోటో పెద్దది చేసేది నువ్వేనా?"

"నేనే మామ్మా. ఏం?"

"అందులో మా అమ్మమ్మ ఉంది. ఒక్కసారి చూపిస్తావేమోనని వచ్చా."

ఆ హాస్టల్లో నలభై ఏళ్ళు వంట చేసిందట. ఇప్పటికీ వంటింటి వెనక గదిలోనే ఉంటోంది. ఫోటో మాత్రం వార్డెను గది బీరువాలో ఉండేది. వంటవాళ్ళకి ఆ గదితో సంబంధం కాఫీ గ్లాసు పెట్టి వచ్చేయడం వరకే. అమ్మమ్మే ఆవిడని పెంచింది. ఆవిడకి పదమూడో పద్నాలుగో ఉన్నప్పుడు పోయింది. పోయినావిడకి ఇంకో ఫోటో అంటూ లేదు.

లోపలికి తీసుకొచ్చి, కుర్చీ వేసి, కంప్యూటర్లో నా కళాఖండం తెరిచాను. మామ్మ కళ్ళజోడు తుడుచుకుని బంతి వెంట వేలు పెట్టుకుంటూ వచ్చింది.

"మా అమ్మమ్మది బంతిలో ఆఖరంట. ఈ పక్క దొరసాని. అదిగో దొరసాని. ఆవిడ పక్కన..."

వేలు ఆగింది. తెరకి ఇంకాస్త దగ్గరగా వంగి, వెనక్కి వాలి, నా వంక చూసింది.

"మా అమ్మమ్మకి మీసాలేంటమ్మాయ్?"

పక్క బల్ల దగ్గర బావ చేతిలో సుత్తి కింద పడింది.

"ఇంకా పని పూర్తి కాలేదు మామ్మా," అన్నాను. ఇది కోత. చెబుతానన్నాను కదా.

"మీ అమ్మమ్మ ఎలా ఉండేదో చెప్పండి, గుర్తుపడదాం," అని మాట మార్చాను.

"గుర్తుపట్టడానికేముంది? అందరూ బొమ్మల్లాగా కూర్చుంటే మా అమ్మమ్మ ఒక్కతే కదిలిందంట. అందుకని మొహం పడలేదు, పొగలాగా చెరిగిపోయిందంట. వార్డెనమ్మ ఒకసారి ఇనాగరేషన్లో చెప్పింది కూడా, ఫోటోలో ఒక పిల్ల పాడైపోయిందని."

"ఎందుకు కదిలింది మామ్మా?"

"ఎందుకేంటి, ఆకలేసి."

ఆ తర్వాత ఆవిడ చెప్పింది ఆవిడ మాటల్లోనే వినండి.

"రోజూ పిల్లలకి పోసేది జావ. ఆ రోజు ఫోటో కోసమని తెల్లన్నం వండారంట, పప్పు, కూరా వండారంట. మద్రాసు నుంచి ఫోటో దొర వచ్చాడంట, మూడుకాళ్ళ పెట్టె వేసుకుని. ఆకుల్లో వడ్డించి, ఫోటో అయిందాకా ముట్టుకోమాకండి అన్నారంట. ఆయనేమో నల్లగుడ్డ కప్పుకుని పెట్టెలో తల పెట్టడం, బయటికొచ్చి అటు జరుగు ఇటు జరుగు అనడం, మళ్ళీ తల పెట్టడం. ఆయన తల లోపలికెళ్ళినప్పుడల్లా మా అమ్మమ్మ ఒక ముద్ద మింగేదంట."

ఆ పెట్టెలో తల పెట్టినాయనకి అంతా తలకిందులుగా కనిపిస్తుంది లెండి. ముద్ద నోట్లోకి పోతోందో నోట్లోంచి వస్తోందో ఏం పోల్చుకుంటాడు?

"ఆఖరికి పెట్టె కంటి మీది మూత తీసి లెక్కపెట్టడం మొదలెట్టాడంట. అప్పటికి ఆకులో ఒక్క ముద్ద మిగిలింది. దాన్ని వదలబుద్ధి కాలేదంట. వంగింది."

"కొట్టారా?" అన్నాడు బావ.

"మోకాళ్ళ మీద నిలబెట్టారంట. దొరసాని చెడ్డదని కాదు బాబూ, ఆ జావైనా ఆవిడ పోస్తేనే. కానీ ఫోటో అవగానే ఆకుల్లో అన్నమంతా గంపకెత్తి వచ్చిన పనోళ్ళకి పెట్టేశారంట. పిల్లలకి మళ్ళీ జావే. పదిమందిలో ఆ పూట అన్నం తిన్నది మా అమ్మమ్మ ఒక్కతే. చచ్చేదాకా చెప్పుకుని నవ్వేది. ఆ తర్వాత ఎవరు కెమెరా తెచ్చినా లోపలికెళ్ళి తలుపేసుకునేది. ఏం పెట్టి ఏం తీసేసుకుంటారో, ఎవడికి తెలుసు అనేది."

బావ నా సొరుగు లాగి అట్టఫోటో తీశాడు. భూతద్దం పెట్టి ఆ చివర నుంచి ఈ చివరికి వచ్చాడు, పువ్వు తర్వాత పువ్వు చూసినట్టు.

"తొమ్మిదాకుల్లో అన్నం రాశి పోసి ఉంది మరదలా. పదో ఆకు ఖాళీ. కరివేపాకు రెమ్మ కూడా లేదు." తల ఎత్తాడు. "ఇది అచ్చు తప్పడం కాదు. తిన్నారు."

నాలుగు రోజులు ఆ ఫోటో మీద పడుకున్నాను నేను. పెసరగింజంత చుక్కని వందరెట్లు పెంచి చూశాను. ఆ విస్తరిని నా చేత్తోనే తుడిచాను, అది ఖాళీ అని మాత్రం నాకు కనబడలేదు. ఎందుకంటే మచ్చ తీసేయమన్నారు, నేను మచ్చనే చూశాను.

మామ్మ అట్టని ఒళ్ళో పెట్టుకుంది. ఆ పొగ మీద వేలు ఆనించకుండా, పైపైన, గాల్లోనే రాసింది.

"సన్నగా ఉందమ్మాయ్," అంది. అట్ట నా చేతికిచ్చి, "పెద్ద ఫోటోలో ఉంటదిగా? అందరూ చూస్తారుగా?" అని అడిగింది.

"ఉంటుంది మామ్మా," అన్నాను. అది కోతో కాదో ఆ నిమిషానికి నాకే తెలీదు.

ఆవిడ వెళ్ళాక సెక్రటరీ గారికి ఫోన్ చేశాను.

"సార్, ఆ మచ్చ ఒక పిల్లండీ."

"పిల్లని తెలుసమ్మా. చెడిపోయింది కనకే తీసేయమన్నాను."

"ఆ పిల్ల మనవరాలు వచ్చిందండీ. మీ హాస్టలు వంటమామ్మే."

అవతల ఫ్యాను కట్టేసిన చప్పుడు వచ్చింది.

"చూడమ్మా, చెరువుల ఆయన హాలుకి రంగులేయించాడు, పిల్లలకి బిర్యానీ పెట్టిస్తున్నాడు. ఆయన్ని తీసేసి పొగని పెడతామంటే ఎలా?"

"చరిత్ర కదండీ, మార్చొచ్చా?"

"చరిత్ర నాకు చెప్పకమ్మా, ముప్ఫై మూడేళ్ళు పాఠం చెప్పాను. ఖాళీలుంటే పూరించాలి. పూరించాం. అంతే," అని పెట్టేశారు.

ఓనరు గారితో అన్నాను. ఆయన ఇంకా తేలిగ్గా తేల్చేశారు. "కస్టమరు ఎవరు? సెక్రటరీ గారు. హాస్టలు ఐడీ కార్డులన్నీ ఏటా మనకే ఇస్తున్నారు. ఆ ఫ్రేము జోలికి వెళ్ళావంటే ఇంటికెళ్ళిపో."

మర్నాడు ఆయన ఉయ్యూరు పెళ్ళి ఆర్డరుకి వెళ్ళారు. పాత ఫోటోని మళ్ళీ స్కాన్ చేశాను. గీతలు తుడిచాను, వెలిసిన చోట చిక్కదనం తెచ్చాను. పదోపిల్ల జోలికి మాత్రం పోలేదు. ఆరడుగుల ప్రింటు బయటికి వస్తుంటే బావ ఫ్రేము వెనక మేకులు ఊడదీస్తున్నాడు.

"ఉద్యోగం పోతుందేమో బావా."

"అద్దకంలో అచ్చు తప్పితే గుడ్డ ఉతికి మళ్ళీ అద్దేవాళ్ళం. తప్పని తెలిసి కూడా ఆరేసినవాణ్ణి మా మేస్త్రి తన్నేవాడు," అన్నాడు బావ, నోట్లో మేకులతో.

ఫ్రేముకి దుప్పటి కప్పి ఆటో ఎక్కించాం. హాస్టలువాళ్ళు దుప్పటి మీదే ఇంకో పట్టుగుడ్డ కప్పి హాల్లో తగిలించారు. ఎవరూ విప్పి చూడలేదు. ఉత్సవాల్లో ఇదో సుఖం.

ఆ రోజు పదకొండు గంటలకి హాలు నిండిపోయింది. ముందు వరసల్లో హాస్టలు పిల్లలు, కొత్త యూనిఫారాలు. వేదిక మీద దాత గారు, మెడలో గజమాలంత దండ. మామ్మ వంటింటి గుమ్మంలో నిలబడింది, రిటైరైనా చేతిలో గరిటె ఉంది. నేను స్తంభం చాటున నిలబడ్డాను. లావుపాటి స్తంభం, అయినా సరిపోలేదు.

తాడు లాగారు. పట్టుగుడ్డతో పాటు దుప్పటీ జారింది. చప్పట్లు కొట్టారు. దాత గారు చప్పట్లు కొడుతూనే ఓటర్ల జాబితాలో పేరు వెతుక్కునేవాడిలా ఫోటో అంతా వెతికారు. ఈ చివర నుంచి ఆ చివరికి, మళ్ళీ వెనక్కి.

"నేనేడీ?" అన్నారు. చేతిలో మైకు ఉంది. సర్దుకుని, "అదే, మా ముత్తాత ఏడీ?" అన్నారు.

సెక్రటరీ గారి మొహం పాలిపోయింది. స్తంభం చాటున ఉన్న నన్ను వెతికి పట్టుకుని, వేలితో పిలిచారు. అందరూ ఇటు తిరిగారు.

వేదిక ఎక్కేదాకా నోట్లో నిజమే ఉంది. మూడు వాక్యాలు, రాత్రి బావకి అప్పజెప్పాను కూడా. తీరా మైకు ముందుకొచ్చేసరికి ముప్ఫై ఏళ్ళ అలవాటు అడ్డం పడింది. కస్టమరు ఎదురుగా ఉన్నాడు, పరువు అడుగుతున్నాడు.

"ఇదిగోండి, ఆ చివర పొగలా ఉన్నది చూశారూ... ఆ రోజుల్లో ఫోటోలో కదిలితే అలాగే పడేవారండి. కుదురుగా ఉండే మనిషి కాదు కదా," అన్నాను.

ఇంతకంటే పెద్ద కోత నా జన్మలో కోయలేదు. దాత గారి ముఖం వెలిగిపోయింది.

"నిజమే! మా ముత్తాత ఒక్కచోట నిలిచేవాడు కాదని మా నాన్న చెప్పేవాడు! దానం చేయడానికి పరుగులు పెట్టేవాడు!" అని మెడలో దండ తీసి ఫ్రేముకి వేసి, ఆ పొగకి రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకున్నారు. కెమెరాలు తళుక్కుమన్నాయి.

నేను వంటింటి గుమ్మం వంక చూశాను. మామ్మ ముఖంలో కోపం లేదు. తను చేసిన కూర ఎవరో తమ పేరు చెప్పి వడ్డిస్తుంటే చూస్తున్నట్టు చూస్తోంది. మొదటిసారి మీసాలే పెట్టాను ఆవిడ అమ్మమ్మకి. ఈసారి ఏకంగా ఇంకొకళ్ళ ఇంటిపేరు పెట్టాను. మొదటిది తెలియక చేశాను. రెండోది తెలిసే చేశాను. మైకు నా పక్కనే ఉంది, నేను దండ వంక చూస్తూ నిలబడ్డాను.

గరిటె గుమ్మానికి ఆనించి, పిల్లల వరసల మధ్య నుంచి మామ్మ నడిచి వచ్చింది.

"బాబూ, ఒక్క మాట. అది మీ ముత్తాత గారా?"

"అవును మామ్మా," అన్నారు దాత గారు, మైకులో, ప్రసన్నంగా.

"ఆడపిల్లల బంతిలో కూర్చున్నారేం బాబూ?"

ఆయన నవ్వు సగంలో ఆగింది.

"పోనీ కూర్చున్నారే అనుకో. ఆకులు చూడండి. అందరి ఆకుల్లో అన్నం ఉంది. ఆయన ఆకులో లేదు. అనాథ పిల్లలకి పెట్టింది ఆయన తినేశారా?"

ముందు వరసలో ఒక పిల్ల లేచి, "ఒకటి, రెండు, మూడు..." అని బయటికే లెక్కపెట్టింది. తొమ్మిది దాటి ఆగిపోయింది. "అవును, లేదు!" అని అరిచింది. హాలంతా కిసుక్కుమంది. వెనక బెంచీల్లో పెద్దమనుషులు దగ్గు నటించారు.

"ఛ! ఛ!" దాత గారు మైకుని ఇంకా దగ్గరికి లాక్కున్నారు. "మా వంశంలో పెట్టినవాళ్ళే గానీ తిన్నవాళ్ళు లేరు! అది మా ముత్తాత కాదు! కాదు!"

మైకు సెట్టు కూడా ఆయన పెట్టించిందే. మంచిది పెట్టించారు. రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డవాళ్ళకి కూడా వినబడింది.

"కాదుగా?" అంది మామ్మ. "నేనూ అదే అంటున్నా బాబూ. అది మా అమ్మమ్మ. పదేళ్ళది. ఆకలేసి తినేసింది."

నవ్వులు ఆగిపోయాయి. లెక్కపెట్టిన పిల్ల, "తర్వాత కొట్టారా మామ్మా?" అని అడిగింది. మామ్మ అక్కడే వేదిక మెట్టు మీద కూర్చుని, జావ దగ్గర మొదలుపెట్టింది. మైకు కుర్రాడు ఎవరూ చెప్పకుండానే మైకు తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాడు. సెక్రటరీ గారు మెల్లగా ఫ్రేము మీద దండ తీయబోతే, కథ ఆపి, "ఉండనీ బాబూ, బాగుంది," అంది.

ఆ తర్వాత జరిగినవి జరిగాయి. మూడో రోజున దాత గారి మనుషులు వచ్చి ఫ్రేము విప్పుకుని పోయారు, ఫోటోని అక్కడే వదిలేశారు. వార్డెను దాన్ని చుట్టచుట్టి బీరువా మీద పెడితే, పిల్లలు అడిగి తీసుకుని భోజనాల హాల్లో నాలుగు మూలలా మేకులు కొట్టి పెట్టుకున్నారు. ఐడీ కార్డుల ఆర్డరు పక్క వీధి స్టూడియోకి పోయింది. ఓనరు గారు నన్ను తీసేయలేదు. పది రోజులు నాతో మాట్లాడలేదు, పదకొండో రోజు ఒక పెళ్ళికూతురి నల్లమచ్చ తీయాల్సి వచ్చి మాట్లాడారు. సెక్రటరీ గారు ఇప్పుడు ఎక్కడ మైకు దొరికినా, అన్నం తిన్న ఆ పిల్ల కథని తనే పరిశోధించి బయటపెట్టినట్టు చెబుతున్నారు. ఖాళీలు పూరించడం ఆయన వృత్తి. అయినా ఆయన్ని అనే నోరు నాకెక్కడిది? ఆ వేదిక మీద నిజం చెప్పింది వంటావిడ. టచప్ చేసింది నేను.

నెల తిరక్కుండా మామ్మ స్టూడియోకి వచ్చింది. పర్సులో పెట్టుకోవడానికి చిన్న ఫోటో కావాలంది. బంతి అంతా అక్కర్లేదు, అమ్మమ్మ ఒక్కతే చాలట. పదో విస్తరి దగ్గర నుంచి ఆ పొగ వరకూ కత్తిరించి తెర మీద పెట్టాను. విడిగా చూస్తే ఏమీ లేదు. ఒక ఆకు, రెండు భుజాలు, ఒక మసక.

నా చేయి ఊరుకోలేదు. నలభై ఏళ్ళు వండిపెట్టినావిడకి వాళ్ళమ్మమ్మ ముఖం చేసివ్వలేనా అనిపించింది.

"మామ్మా, మీ కళ్ళూ ముక్కూ చూసి, పదేళ్ళ పిల్లకి తగ్గట్టు ముఖం వేసిస్తాను. ఒక్క పూట పని. మీకు తప్ప ఎవరికీ తెలీదు," అన్నాను.

ఆవిడ తెర వంక చాలాసేపు చూసింది. చీర చెంగుతో కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"వద్దులే అమ్మాయ్," అంది. "నోట్లో అన్నం ఉంది. ఇప్పుడు తలెత్తమంటే పొలమారుద్ది."